దిష్టిచుక్క లేని కోటు

మా వీధిలో బాబాయిని అందరూ సేనాపతి అంటారు. ఆయన సైన్యంలో పనిచేసిందీ లేదు, తుపాకీ ముట్టుకున్నదీ లేదు. కూడలిలో పోలీసు ఈల ఊదితే చాలు, ఎవరికోసం ఊదాడో కూడా చూడకుండా సైకిలు దిగిపోయే మనిషి. ప్రభుత్వం ముద్ర ఉన్న కవరు ఇంటికొస్తే, అది కరెంటు బిల్లయినా సరే, నాచేత చదివించుకునేదాకా ఆయనకి మంచినీళ్ళు దిగవు. అయినా ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఆయన దుకాణంలో సిపాయి దగ్గర్నుంచి జనరల్ దాకా ఒక పటాలానికి పటాలమే దండాలకి వేలాడుతూ ఉండేది.

అద్దె బట్టల దుకాణం అది. నాటకాలవాళ్ళు, సినిమాలవాళ్ళు, యాడ్‌లు తీసేవాళ్ళు, బడి వార్షికోత్సవానికి పిల్లల్ని తయారుచేసే తల్లులు, అందరూ అక్కడికే వచ్చేవారు. రాజుగారి అంగీ పక్కనే బిచ్చగాడి చింకి చొక్కా, జడ్జిగారి గౌను పక్కనే దొంగవాడి చారల బనీను. "ఉతికి ఆరేశాక అందరూ ఒకటేనమ్మా" అనేవాడు బాబాయి. పక్క గదిలో నా జిరాక్సు దుకాణం. మధ్యలో ఉన్నది ఒట్టి చెక్క అడ్డుగోడ. ఆయన మిషను చప్పుడు నాకూ, నా నోరు ఆయనకీ పొద్దస్తమానం వినబడుతూనే ఉంటాయి.

ఇంతకీ బాబాయి సైన్యంలో ఒక్కడూ సరైన సైనికుడు కాడు. ఒకడికి ఛాతీ మీది రంగు రిబ్బన్ల పట్టీలు తలకిందులు. ఇంకొకడికి భుజం మీద ఏ దేశంలోనూ లేనన్ని నక్షత్రాలు. మరొకడి కోటుకి గుండీలు ఆడవాళ్ళ చొక్కాకి ఉన్నట్టు ఎడమవైపు. ఇవేవీ పొరపాట్లు కావు. బాబాయి కావాలని, శ్రద్ధగా, టేపు పెట్టి కొలిచి మరీ చేసిన తప్పులు. వాటికి ఆయన పెట్టుకున్న పేరు దిష్టిచుక్క.

ఆ అలవాటు గురువు దగ్గర్నుంచి వచ్చింది. బాబాయికి ఇంకా మీసాలు రాని రోజుల్లో, ఆయన పని నేర్చుకున్న దుకాణం నుంచి బట్టలు తీసుకున్న నటుడొకడు మేజరు వేషంతోనే టీ తాగడానికి బయటికి వెళ్ళాడట. దారిలో ఒక అసలు సిపాయి వాడికి సెల్యూట్ కొట్టాడు. వాడు ఆ రుచి మరిగాడు. సాయంత్రానికల్లా టికెట్టు లేకుండా సినిమా చూసి, డబ్బివ్వకుండా హోటల్లో భోంచేసి, చివరికి దొరికిపోయాడు. వేసుకున్నవాడితో పాటు కుట్టినవాణ్ణి కూడా తీసుకెళ్ళి స్టేషన్లో కూర్చోబెట్టారు. గురువుగారు తిరిగొచ్చి చెప్పిన మాట బాబాయి ఇప్పటికీ మరిచిపోలేదు. "చూసేవాడు నమ్మాలి, తెలిసినవాడు నవ్వుకోవాలి. అదీ మన కుట్టు."

నాటకానికి ఒక చుక్క, యాడ్‌కి రెండు అన్నది బాబాయి సొంత పద్ధతి. నాటకంలో వేషాన్ని చట్టం కాస్త చూసీ చూడనట్టు వదిలేస్తుంది. సరుకు అమ్ముకోవడానికి సైన్యం బట్టలు వాడతానంటే మాత్రం ఒప్పుకోదు, ముందే అడిగి అనుమతి తెచ్చుకుంటే తప్ప. చట్టం తప్పని నేననను. ఆ బట్ట చూడగానే జనానికి ఒక నమ్మకం పుడుతుంది. ఎవరో ఎక్కడో ప్రాణాలొడ్డి సంపాదించిన నమ్మకం అది. దాన్ని తీసుకొచ్చి పళ్ళపొడికి తగిలిస్తే ఎలా? "సొమ్మొకడిది సోకొకడిది కాకూడదమ్మా" అనేవాడు బాబాయి, రిబ్బన్లు తలకిందులుగా కుడుతూ.

పిన్ని పోయాక ఆయనకి మిగిలింది ఒక్కగానొక్క కూతురు, మా బుజ్జి. దాని చదువంతా హాస్టల్లో సాగింది, దుకాణం గడప తొక్కింది తక్కువ. చదువైపోగానే పెళ్ళయింది, అదీ నిజమైన సైనికుడితో, ఒక కెప్టెన్‌తో. ఇన్నాళ్ళూ ఉత్తుత్తి సైన్యాన్ని పోషించినందుకు సేనాపతికి ఒక అసలువాడు దొరికాడని వీధి వీధంతా నవ్వుకున్నాం. మా మరిది నెమ్మదస్తుడు, నలుగురిలో ఉంటే ఉన్నట్టే తెలియదు. అతను వస్తున్నాడంటే చాలు, బాబాయి తన పటాలం మీద దుప్పట్లు కప్పేసేవాడు. ఆ తప్పుడు రిబ్బన్లు చూస్తే అల్లుడు ఏమనుకుంటాడో అని సిగ్గు. దిష్టిచుక్కల సంగతి కూతురికి కూడా చెప్పలేదు, మొగుడికి చేరేస్తుందని.

సూదంటేనే భయపడే బుజ్జి కుట్టు నేర్చుకున్నది మొగుడి కోటు మీద. కవాతు ఉన్న ప్రతిసారీ రిబ్బన్లు విప్పి, కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ వాటి వరుసలో వాటిని కుట్టాలట. ఒక దారప్పోగు పక్కకి జరిగినా పై అధికారి వెనక్కి పంపేస్తాడట. "కళ్ళు మూసుకుని కుట్టేస్తానక్కా ఇప్పుడు" అని ఫోన్లో గొప్పలు పోయేది.

ఒక చలికాలం కొండదారిలో మంచు జారి వాళ్ళ ట్రక్కు లోయలో పడింది. మరిది పోయాడు. పెట్టె వచ్చింది, తుపాకులు పేల్చారు, జెండా మడిచి బుజ్జి చేతుల్లో పెట్టారు. బుజ్జి ఏడవలేదు. అంత రాతిగుండె ఏమిటని ఒకావిడ గొణిగితే నేను ఆవిణ్ణి గడప దాటించి మరీ నాలుగు దులిపాను. కానీ నాకూ భయం వేసింది. నెలలు గడిచినా అది ఏడవలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. నలిగిన చొక్కా ఎవరు వేసుకున్నా విప్పించి ఇస్త్రీ చేసేది.

ఊరికే కూర్చుంటే మనిషి ఏమైపోతుందో అని బాబాయి దాన్ని దుకాణానికి తెచ్చాడు. తెచ్చేముందు పటాలాన్నంతా వెనక వరుసలోకి నెట్టి తెర కట్టాడు. దాని చేతికి రాణుల లంగాలూ, జోకర్ల టోపీలూ, పులితోకలూ మాత్రమే ఇచ్చేవాడు. కాజాలు కుట్టడంలో తండ్రిని మించిపోయింది. బాబాయి మాత్రం దాని పని బాగుందని ఒక్కసారీ అనలేదు. ఆయన నోట మెచ్చుకోలు రాదు, అంచు మీద వేలు పెట్టి "ఇక్కడ ఇంకాస్త" అనడమే తెలుసు.

ఆ తర్వాత బాబాయి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ అయి, కట్టుతో ఇంట్లో పడుకుని ఉండగా తాళాల కంపెనీ మేనేజరు దుకాణానికొచ్చాడు. సెంటు వాసన నా గదిదాకా కొట్టింది. యాడ్‌కి కెప్టెన్ కోటు కావాలన్నాడు. సరిహద్దుని సైనికుడు కాస్తాడు, మీ ఇంటిని మా తాళం కాస్తుంది, ఇదీ వాడి మాట. అనుమతి తీసుకున్నారా అని నేను చెక్కగోడ ఇవతల్నుంచే అరిచాను. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మాక్కావలసింది నాటకం డ్రెస్సే" అన్నాడు. బుజ్జి ఇంటికి ఫోన్ చేస్తే, బాబాయి "తెర వెనక చివరి కోటు. ఇస్త్రీ చేసి ఇచ్చెయ్. ఎక్కువ చూడకు" అన్నాడు. దాని మనసు నొచ్చుకుంటుందని అలా అన్నాడు, పాపం.

కానీ బుజ్జి చూసింది. రిబ్బన్లు తలకిందులుగా ఉన్నాయి, నక్షత్రాలు లెక్క తప్పాయి. నాన్నకి చూపు మందగించి ఇలా కుట్టేశాడనుకుంది. ఇది బయటికి వెళ్తే అంతమంది కళ్ళల్లో నాన్న పరువేం కావాలి అనుకుంది. తలుపు దగ్గరికి లాగి, కుట్లన్నీ విప్పి, మళ్ళీ కుట్టింది. అసలు ఎలా ఉండాలో దానికి తెలిసిన వరుస ఒక్కటే. సాయంత్రం కోటు ఇచ్చి పంపేటప్పుడు దాని ముఖంలో ఎన్నడూ లేని కళ. ఏదో మంచి బేరం తగిలిందనుకున్నాను, నా మొద్దు బుర్రకి అంతకన్నా తట్టలేదు.

కూడలిలో హోర్డింగ్ లేచింది. చలువ కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక నాజూకు కుర్రాడు, ఒంటిమీద ఆ కోటు, చేతిలో కొబ్బరికాయంత తాళం. చూసి నవ్వుకుని నా పని నేను చేసుకున్నాను. తర్వాత గమనించాను, బుజ్జి రోజూ దుకాణం కట్టేశాక ఇంటికి తిన్నగా పోకుండా కూడలి మీదుగా వెళ్తోంది. ఒకరోజు వెనకే వెళ్ళాను. బస్సుల కోసం నిలబడ్డ జనంలో తలెత్తి నిలబడి ఉంది.

"ఏంటే ఇక్కడ నిలబడ్డావు?"

"ఆ కోటు నేను సరిచేశానక్కా. మీ మరిది కోటు ఎలా ఉండేదో అచ్చం అలాగే. ఆయనది ఆయనతోనే పోయిందిగా."

"ఆ వేసుకున్నవాణ్ణి చూస్తే నీకు ఒళ్ళు మండట్లేదూ?"

"ముఖం చూడను. మెడ దాకానే చూస్తా."

చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. నేను మాట్లాడకుండా నడవడం ఆ వీధి అంతకుముందు చూసి ఉండదు.

ఎవరో మాజీ సైనికుడు ఫిర్యాదు చేశాడు. అసలు బట్టలు వేసి తాళాలు అమ్ముకుంటారా అని. సైన్యం కార్యాలయం కంపెనీని నిలదీస్తే, మేం నాటకం డ్రెస్ అడిగాం, దుకాణంవాడే అసలుది ఇచ్చాడని కంపెనీ చేతులు దులుపుకుంది. విచారణకి రమ్మని బాబాయికి కవరు వచ్చింది. నేను చదివి వినిపిస్తుంటే ఆయన మధ్యలోనే లేచి నిలబడ్డాడు. "అసలుదేంటమ్మా? రెండు చుక్కలు పెట్టానే! పద, చూపిస్తా." కట్టు విప్పిన కొత్త కన్నుతో కూడలికి నడిచాడు. తలెత్తి చూశాడు. రిబ్బన్లు చూశాడు, భుజాలు చూశాడు, మళ్ళీ రిబ్బన్లు చూశాడు. ఆ వరుస ఎవరిదో ఆయన గుర్తుపట్టాడు. పెళ్ళి ఫోటోలో అల్లుడి ఛాతీ మీద రోజూ చూస్తున్నదే.

ఇంటికెళ్ళి బుజ్జిని ఏమీ అనలేదు. అదే చెప్పింది, "తలకిందులుగా ఉంటే సరిచేశా నాన్నా. నీ కళ్ళు బాగోలేక అలా కుట్టావనుకున్నా." దిష్టిచుక్క సంగతి అప్పుడు చెప్పాడు. బుజ్జి విని గోడకి చేరగిలబడింది. "అయ్యో, నీ దుకాణం ముంచేశానే" అంది.

విచారణకి ముందురోజు మధ్యాహ్నం కంపెనీ లాయరు ఆ కెప్టెన్ కోటుని సంచిలో పెట్టుకుని దుకాణానికొచ్చాడు. "పెద్దాయనా, ఇది చిటికెలో తేలిపోయే పని. హోర్డింగ్ ఫోటో అంత స్పష్టంగా లేదు. వాళ్ళు చూసేది ఈ కోటునే. మీరు కావాలని ఏదో తప్పు పెడతారని నాటకాలవాళ్ళు చెప్పారు, ఆ తప్పేదో మళ్ళీ కుట్టెయ్యండి. ఇదిగో తప్పు, ఇది ఉత్త వేషం అని రేపు చూపించండి. మీ దుకాణం మీకుంటుంది, మా తాళం మాకుంటుంది" అన్నాడు. గోడమీద పిల్లిలా మాట్లాడేవాళ్ళని చూశాను గానీ, గోడనే జేబులో వేసుకుపోయేవాణ్ణి అప్పుడే చూశాను.

లాయరు వెళ్ళాక బాబాయి కోటు బల్ల మీద పరిచాడు. కుట్లు విప్పే కత్తి చేతిలోకి తీసుకున్నాడు. దుకాణం పోతే ఆయనకి వేరే పని రాదు. రెండో కంటికి ఆపరేషన్ ఇంకా కావాలి. ఇద్దరి కడుపులకీ ఆధారం ఆ నాలుగు దండాలే. ఇదంతా ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"విప్పు నాన్నా," అంది బుజ్జి. "అదేమన్నా ఆయన కోటా? అద్దె కోటేగా."

బాబాయి రిబ్బన్ అంచు కింద కత్తి మొన పెట్టాడు. అంచు వెంబడి వేలితో తడిమాడు, ఎప్పటిలాగే. ఎక్కడో ఒక చోట ఆగి "ఇక్కడ ఇంకాస్త" అంటాడని చూశాను. వేలు ఆగలేదు, చివరిదాకా వెళ్ళింది. కత్తి పక్కన పెట్టి, "రేపు చూద్దాంలే" అని కోటు సంచిలో పెట్టేశాడు.

మర్నాడు ముగ్గురం సైన్యం కార్యాలయానికి వెళ్ళాం. పొడుగాటి గది, బెంచీలు, గోడ గడియారం. బాబాయి, పోలీసు ఈల విన్నప్పటిలా, గుమ్మంలోనే చెప్పులు విడిచేశాడు. బల్ల వెనక కూర్చున్న అధికారికి కణతల దగ్గర జుట్టు నెరిసింది. కోటు తన ముందు పరుచుకుని చాలాసేపు చూశాడు. కఠినుడేమీ కాడు. ఎదురుగా ఉన్న ముసలాయన భయం ఆయనకీ కనబడుతూనే ఉంది.

"మీరు ఇలాంటి డ్రెస్సుల్లో కావాలని ఏదో తప్పు పెడతారటగా. లాయరుగారు చెప్పారు."

"పెడతానండి."

"ఇందులో కూడా పెట్టి ఉంటారు. నాకు కనబడకపోవచ్చు. మీరే చూసి చెప్పండి. ఒక్కటి చూపించినా చాలు, మీ మీద కేసు ఉండదు. నిదానంగా చూడండి."

లాయరు బాబాయి మోచేతిని తట్టాడు. బాబాయి లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. కూతురు పక్కనే నిలబడి నేలకేసి చూస్తోంది. ఏదో ఒక బొత్తాం చూపించి ఇది తప్పండీ అంటే సరిపోయేది. ఆ గదిలో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. నేనైతే మనసులో దణ్ణాలు పెట్టుకున్నాను, ఒక్క అబద్ధం చెప్పు బాబాయ్, నీకు పుణ్యముంటుంది అని.

"తప్పు లేదండి," అన్నాడు బాబాయి. "వెతికినా లేదు. ఎక్కడుండాల్సింది అక్కడ ఉంది. ఇంత బాగా నేను జన్మలో కుట్టలేదు."

అంటూ తిరిగి బుజ్జి వంక చూశాడు. లాయరు నెత్తి కొట్టుకున్నాడు. అధికారి కలం తీయలేదు.

"ఈ వరుస ఎవరిది?"

"మా అల్లుడిదండి. కొండల్లో పోయాడు. బట్టలు నావి, దుకాణం నాది. ఏం రాసుకున్నా నా పేరునే రాసుకోండి."

అప్పుడు రాశాడాయన. హోర్డింగ్ దించాలి, కంపెనీ జరిమానా కట్టాలి, బాబాయి కూడా కట్టాలి. ఇకముందు దుకాణంలో సైన్యం బట్ట ఒక్కటీ ఉండకూడదు. రాయడం అయ్యాక కాస్త ఇబ్బందిగా అన్నాడు, "ఈ కోటు ఇక మీకు ఇవ్వడానికి లేదు. కేసు మూసేదాకా స్టోరులో ఉంచి, తర్వాత కాల్చేస్తాం. పద్ధతి అది."

బుజ్జి తలెత్తింది.

"కాల్చే రోజు కబురు చేస్తారా సార్?"

"ఎందుకమ్మా?"

"నేనొస్తాను. ఆయన్ని తెచ్చినప్పుడు పెట్టె తెరవనివ్వలేదు. చూడకుండానే పంపేశాను. ఈసారి చూసి పంపుతాను."

అధికారి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "చేస్తానమ్మా" అన్నాడు.

పటాలాన్ని బాబాయి ముక్కలుగా కత్తిరించి మెకానిక్కులకి మిషన్లు తుడుచుకునే గుడ్డల కింద ఇచ్చేశాడు. సినిమావాళ్ళు రావడం తగ్గించారు. ఇప్పుడు దుకాణంలో ఎక్కువగా ఉన్నవి చిలకలూ, పులులూ, వంకాయలూ, బడిపిల్లల వేషాలు. జరిమానా కోసం కొత్త మిషను అమ్మేశాడు, పాతదాని మీద తండ్రీ కూతుళ్ళు వంతులేసుకుని కుడుతున్నారు. రెండో కంటికి ఆపరేషన్ ఇంకా కాలేదు. చేయించుకో బాబాయ్ అని నేను రోజూ గోడ అవతలికి అరుస్తూనే ఉన్నాను.

కబురు నిజంగానే వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. కార్యాలయం వెనక పెరట్లో చిరిగిన గుడారాలూ పనికిరాని బూట్లూ కుప్పపోసి ఉన్నాయి. కాల్చేవాళ్ళు ఆ కోటుని కుప్పలో పడెయ్యకుండా విడిగా మడిచి తెచ్చి బుజ్జి చేతికిచ్చారు. అది కోటుని గట్టు మీద పరిచి, కాలరు సర్ది, గుండీలన్నీ పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే పెట్టింది. చేతులు రెండూ నిమిరి పక్కన చేర్చింది. మెడ పైన ఖాళీగా ఉన్న చోటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత తనే తీసుకెళ్ళి మంటలో పెట్టింది.

బట్ట అంటుకున్నాక బుజ్జి ఏడ్చింది. పేరు పెట్టి పిలుస్తూ, నేలమీద కూర్చుని, గట్టిగా ఏడ్చింది. పనివాళ్ళు దూరంగా జరిగారు. నేను పరుగెత్తబోతే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపి, తను వెళ్ళి కూతురి పక్కన ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. ఊరుకోమని అనలేదు.